పై అంతస్తు పిల్లల పరీక్ష

ఆ ఎండాకాలం మా ఇంటిల్లిపాదీ కలిసి పదకొండేళ్ల పిల్లకి అబద్ధం ఆడటం నేర్పాం. అందుకు కావలసిన కాగితాలు దొంగతనంగా తెచ్చింది నేనే. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే కథ సగానికి వచ్చేసరికి నా మీద జాలిపడేవాళ్లు బయల్దేరతారు. ఆ జాలి నాకొద్దు.

అప్పట్లో నేను పిల్లల పరీక్షా కేంద్రంలో టైపిస్టుని. మాట రాని పిల్లలు, మాట ఆపని పిల్లలు, చిన్న చప్పుడుకే చెవులు మూసుకునే పిల్లలు, ఒకే చక్రాన్ని పొద్దస్తమానం తిప్పుతూ కూర్చునే పిల్లలు అక్కడికి వచ్చేవాళ్లు. లోపలి గదిలో పరీక్షల మేడం ఒక్కొక్కరితో గంటా గంటన్నరా కూర్చుని, చూసిందంతా గొలుసుకట్టు రాతలో రాసి బయటికి పంపేది. ఆ రాతని పోల్చుకుని టైపు చేయగలిగింది కేంద్రం మొత్తానికి నేనొక్కదాన్నే. మా అమ్మాయి కూడా అక్కడి పిల్లే. దానికి ఆరేళ్లప్పుడు ఆ గదిలోనే పేరు పెట్టారు.

పేరంటే జబ్బు పేరు. ఆటిజం ఉన్నా మాటలు బాగా వచ్చి, చదువు అబ్బిన పిల్లలకి అప్పట్లో ఆస్పర్జర్ అని వేరే పేరుండేది. మిగతావాళ్లది ఉత్త ఆటిజం. కేంద్రానికి రెండంతస్తులు. ఆస్పర్జర్ పిల్లల తల్లిదండ్రులు పైగదిలో కూర్చునేవాళ్లు, మిగతావాళ్లు కింద వరండాలో. ఇది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు. మొదట్లో పైన చప్పుడు తక్కువని ఎవరో వెళ్లారు, వాళ్ల వెనకాలే ఇంకొకరు వెళ్లారు. కొన్నాళ్లకి పైగదికి సోఫాలొచ్చాయి, ఏసీ వచ్చింది, గాజు తొట్టెలో ఎర్ర చేపలొచ్చాయి. కింద చెక్క బల్లలు, ఒక ఫ్యాను. పై అంతస్తు తల్లిదండ్రులంతా ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి అధ్యక్షుడు మా ఆయన.

ఆయన బ్యాంకులో మేనేజరు. కూతురంటే ప్రాణం, అది అబద్ధం కాదు. కాకపోతే కూతురి జబ్బుని కూడా పరీక్షలో వచ్చిన ర్యాంకు చెప్పుకున్నట్టు చెప్పుకునేవాడు. ఇంటికి ఎవరొచ్చినా, మా అమ్మాయిది మేధావులకొచ్చే రకమండీ అనేవాడు. రిటైరైన హెడ్మాస్టరు మా మామగారు పక్కనుంచి తలూపేవారు. వచ్చినవాళ్లు కప్పులో టీ వంక చూసుకునేవాళ్లు. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకూ అది బాగానే ఉండేది. కింద వరండా దాటి మెట్లెక్కేటప్పుడు నేనూ మెడ నిటారుగా పెట్టుకునే నడిచాను. ఆ నడక తల్చుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

బళ్లకి సెలవులిచ్చిన వారంలో ఉత్తర్వు వచ్చింది. దాన్ని టైపు కొట్టి నోటీసు బోర్డుకి అంటించింది కూడా నేనే. ఇక మీదట ఆస్పర్జర్ అనే పేరు లేదు. అందరిదీ ఆటిజమే. ఆ ఒక్క పేరు కిందే మూడు లెవెళ్లు. కాస్త ఆసరా ఉంటే చాలు అన్నవాళ్లు ఒకటి, గట్టి ఆసరా కావలసినవాళ్లు రెండు, ఎప్పుడూ పక్కన మనిషి ఉండి తీరాల్సినవాళ్లు మూడు. పాత పేరున్న పిల్లలందరికీ బళ్లు తెరిచేలోగా మళ్లీ పరీక్ష చేసి లెవెలు రాయాలి. బడిలో పక్క టీచర్ని రెండో లెవెలు నుంచే ఇస్తారు.

పక్క టీచరంటే తరగతిలో మన పిల్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి. పాత పద్ధతిలో మా అమ్మాయికి రెండేళ్లుగా ఒకావిడ ఉంది. ఆవిడ రాకముందు ఏడాది అది బడిలో మెతుకు ముట్టేది కాదు. గంట కొడితే చాలు, బాత్రూములో దూరి గడియ పెట్టేసుకునేది. ఒకరోజు బడి మూసేదాకా అందులోనే ఉండిపోయింది. ముంజేతుల మీద పళ్ల గాట్లుండేవి. దాని పళ్లవే. ఆవిడ వచ్చాక గాట్లు మానాయి. అలాగని ఆవిడ చేసిన ఘనకార్యమేమీ లేదు. గంట కొట్టబోయే రెండు నిమిషాల ముందు చెవిలో చెప్పేది. లెక్కల మాస్టారు విసుక్కుంటే, ఆయన విసుక్కున్నది నిన్ను కాదులే అనేది. మా అమ్మాయి ఆవిడ కుర్తా చేతి అంచు పట్టుకుని కూర్చునేది. అంతే. ఆ మాత్రం ఉంటే అది బతికేది, లేకపోతే లేదు. అది నాకు తెలుసు, మా ఆయనకీ తెలుసు.

తెలిసి కూడా పైగదిలో ఆ మాట ఎత్తినవాడు లేడు. అక్కడి ఏడుపంతా పేరు గురించే. ఉత్తర్వు వచ్చిన మర్నాడే సమావేశం పెట్టారు. ఒక ఆర్కిటెక్టుగారు లేచి, నిన్నటిదాకా శాస్త్రవేత్తల పక్కన నిలబెట్టి ఇవాళ చొంగ కార్చుకునే వాళ్లలో కలిపేస్తారా అన్నాడు. ఆయన అంత మాటన్నాక ఎవరైనా ముఖం చిట్లిస్తారేమోనని చూశాను. చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఆగకముందే తలుపు తీసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. లాండ్రీలో పనిచేస్తుంది. కూతురికి పధ్నాలుగేళ్లు, మాట లేదు, చెవులకి ఎప్పుడూ పెద్ద హెడ్‌ఫోన్లు ఉంటాయి. కింద ఫ్యాను పాడై రెండు రోజులైంది.

"అందరిదీ ఒకటే పేరైపోయిందంట కదండీ, బోర్డు మీద చూశాను. పిల్ల ఉక్కకి తట్టుకోలేకపోతోంది. కాసేపు ఈ మూల కూర్చుంటాం" అంది.

మా ఆయన కుర్చీలోంచి లేచాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. పెంచితే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించేది.

"పేరు మార్చింది పై అధికారులమ్మా. గది మాత్రం మేం ఏర్పాటు చేసుకున్నది" అన్నాడు నవ్వుతూ.

ఆవిడకి అర్థమైంది. ఈలోగా ఆ పిల్ల నేరుగా చేపల తొట్టె దగ్గరికి పోయి చల్లటి గాజుకి నుదురు ఆనించి నిలబడింది. తల్లి ఆ పిల్ల భుజం పట్టుకుని మెల్లగా వెనక్కి లాక్కుని తీసుకెళ్లిపోయింది. మెట్ల మీద వాళ్ల అడుగులు ఇంకా వినిపిస్తుండగానే ఒకామె బ్యాగులోంచి రుమాలు తీసి ఆ గాజు తుడిచింది. ఒకసారి కాదు, రుమాలు మడత మార్చి రెండోసారి కూడా తుడిచింది.

"నేనూ అక్కడే నుదురు పెడతాను. నాది ఎప్పుడూ తుడవలేదేం?" అంది మా అమ్మాయి. దానికి ఏదీ మెల్లగా అడగడం రాదు.

వారం తిరక్కుండా మెట్ల దగ్గర ఇనప గ్రిల్లూ తాళమూ వచ్చాయి. ఇక మీదట పైగది మొదటి లెవెలు పిల్లలకే అని సంఘం తీర్మానించింది. తీర్మానం నాచేతే టైపు చేయించారు.

అక్కణ్ణుంచి మా ఆయనకి ఒకటే రంధి, పై అంతస్తు పిల్లలందరికీ మొదటి లెవెలే రావాలి. ఈ కొత్త పరీక్ష కోసం మేడం దగ్గరికి ఒక తోలు పెట్టె వచ్చింది. అందులో కొన్ని బొమ్మలు, మాటల్లేని బొమ్మల పుస్తకం ఒకటి, ఏది చూపించి ఏమడగాలో రాసిన కాగితాలు ఉంటాయి. పిల్ల వాటిని మొదటిసారి చూసినప్పుడే ఆ పరీక్షకి విలువ. అందుకే పెట్టెకి తాళం వేసి ఉంచేవాళ్లు. తాళంచెవి నా సొరుగులో ఉండేది.

"నిన్ను దొంగతనం చెయ్యమంటున్నానా? జిరాక్సు తియ్యమంటున్నాను" అన్నాడు మా ఆయన.

మొదటి లెవెలు వస్తే పక్క టీచరు పోతుంది కదండీ అన్నాను. బడి వాళ్లతో తను మాట్లాడతానన్నాడు. అధ్యక్షుడి మాట కాదంటారా అన్నాడు. నేను నమ్మానని కాదు. నమ్మితే ఇంట్లో గొడవుండదు, అందుకని నమ్మినట్టు ఊరుకున్నాను. మేడం భోజనానికి వెళ్లిన వేళ ముప్ఫై ఒక్క కాగితాలూ మిషను మీద పెట్టి తీశాను. ఒక కాగితం వంకరగా వస్తే మళ్లీ తీశాను.

మర్నాటి నుంచి మా ముందుగది బడైపోయింది. రోజూ మధ్యాహ్నం ఇరవైముగ్గురు పిల్లలు, వాళ్ల వెనక తల్లులు. మామగారికి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి. ప్రతి బొమ్మకీ ఒక జవాబు తయారుచేసి, ఒత్తి ఒత్తి పలుకుతూ చెప్పించేవారు. బల్ల మీద ఒంటరిగా కూర్చున్న పిల్లవాడి బొమ్మ ఒకటుంది. దానికి ఆయన జవాబు ఇది: ఈ బాలుడు విచారముగా ఉన్నాడు, ఎందుకనగా ఇతని మిత్రుడు ఇతనిని విడిచి వెళ్లిపోయినాడు, నేనైతే ఇతనిని ఓదార్చెదను. ప్రతి జవాబు చివరా ఆయనకి బడిలో పట్టిన అలవాటు ప్రకారం గొంతు సవరించుకుని, "రాసుకున్నారా?" అనేవారు.

ఆ పిల్లల జ్ఞాపకశక్తి గురించి చెప్పాలా? ఒకసారి విన్నది మరిచిపోతే ఒట్టు. మూడు రోజుల్లో ముప్ఫై జవాబులూ గడగడా అప్పజెప్పేశారు. తల్లులకి కళ్లనీళ్లు తిరిగాయి. మామగారు తన సర్వీసులో ఇలాంటి బ్యాచి చూడలేదన్నారు.

పరీక్షలు మొదలయ్యాయి. మా ఆయన పెద్దమనిషి తరహాగా మిగతావాళ్లందరినీ ముందు పంపి మా అమ్మాయి వంతు చివర పెట్టించాడు. మొదటి ఫైలు నా బల్ల మీదికొచ్చింది. మేడం పిల్లలన్న మాటలు అన్నవి అన్నట్టే రాసుకుంటుంది. బల్ల మీది బాలుడి జవాబు కింద, "రాసుకున్నారా?" అని ఉంది. ఆ మాట మేడం నన్నే అడుగుతోందేమో అనుకున్నాను. రెండో ఫైలులోనూ అదే. నాలుగో ఫైలుకి సంగతి అర్థమైంది. ఆర్కిటెక్టుగారి అబ్బాయి మేడం ఎదుట కూర్చుని, ముప్ఫై జవాబులు చెప్పి, ముప్ఫై సార్లు గొంతు సవరించుకుని, ముప్ఫై సార్లు "రాసుకున్నారా?" అన్నాడు. మామగారి దగ్గుతో సహా దింపేశాడు. కింద మేడం రాసిన మాట అందరికీ ఒకటే: కంఠతా పట్టిన వాక్యాలు, స్వరంతో సహా, ఎదుట మనిషి ఉన్న స్పృహ లేకుండా చెబుతున్నారు, లెవెలు రెండు.

టైపు మిషను మీద తల పెట్టుకుని నవ్వాను. నవ్వి నవ్వి కడుపు నొప్పొచ్చింది. ఆ నవ్వులో సంతోషం కూడా ఉంది, ఇక మా అమ్మాయికీ రెండే వస్తుందని. ఆ రోజే నోరు మూసుకుని ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. కానీ సాయంత్రం టీ తాగుతూ ఇంట్లో చెప్పేశాను. చమత్కారంగా ఉందని చెప్పాను.

మామగారు చిన్నబుచ్చుకున్నారు. తన వాక్యంలో తప్పేముందో చూపించమన్నారు. మా ఆయన మాత్రం కప్పు కింద పెట్టి నా వంక అదోలా చూశాడు.

"మన అమ్మాయికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. మేడం దేన్ని పట్టుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో నీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఇన్నేళ్లుగా టైపు కొడుతున్నావు" అన్నాడు.

పొగడ్త అంటే ఎంత నీచమైందో చూడండి. ఆ ఒక్క మాటకి పడిపోయాను. వంటింటి బల్ల దగ్గర మర్నాడే మొదలుపెట్టాను. మామగారిలా ఒక జవాబు కాదు, ఒక్కో బొమ్మకి అయిదు జవాబులు. ఒకసారి చెప్పింది ఇంకోసారి చెప్పకూడదు. మధ్యలో "ఏమో" అనాలి, "అంటే" అని కాస్త ఆగాలి. ఎదుటి మనిషి కళ్లలోకి చూడటం దానికి మంట మీద చెయ్యి పెట్టినట్టుంటుంది. అందుకని కనుబొమ్మల మధ్య చూడమన్నాను. రెండు అంకెలు లెక్కపెట్టి చూపు తిప్పెయ్, మళ్లీ చూడు. వాళ్లడిగింది చెప్పి, తిరిగి నువ్వో ప్రశ్న అడుగు.

"అయిదింట్లో ఏది ఎప్పుడు?" అని అడిగేది.

ఏదైనా సరే అంటే దానికి ఏడుపొచ్చేది. చివరికి నోటుపుస్తకంలో గళ్లు గీసుకుని, ఏ రోజు ఏ జవాబో రాసుకుని, ఆ ప్రకారం సహజంగా మాట్లాడటం మొదలెట్టింది. "ఏమో" అన్న మాట సరిగ్గా పడటానికి ఒక పూట రెండొందల సార్లు అనిపించాను. దానికి సంతోషమొస్తే చేతులు గాలిలోకి లేపి వేళ్లు టపటపలాడిస్తుంది. పుట్టిన దగ్గర్నుంచీ అంతే. అది మేడం తప్పకుండా రాస్తుంది. సంతోషమొస్తే వెంటనే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమన్నాను. ఎనిమిదో రోజుకి ఎంత బాగా వచ్చేసిందంటే, దానికి సంతోషమొస్తే ముందు కుర్చీ వెతుక్కునేది.

పరీక్ష రోజు మేడం రాత నా దగ్గరికొచ్చింది. సంభాషణ సహజంగా ఉంది, ఎదుటివారి పట్ల ఆసక్తి ఉంది, ఆలోచించి మాట్లాడుతోంది, లెవెలు ఒకటి. టైపు చేశాను. ఒక్క తప్పు పడలేదు.

ఇరవైముగ్గురిలో మొదటి లెవెలు మా అమ్మాయికొక్కదానికే వచ్చింది. ఆ తర్వాత పైగదిలో జరిగింది ఇదీ. మా ఆయన సమావేశం పెట్టి, సంఘం తీర్మానం ఎంత బాధ కలిగించినా తీర్మానం తీర్మానమేనని, రెండో లెవెలు వచ్చిన కుటుంబాలు దయచేసి కింద కూర్చోవాలని అన్నాడు. గొంతు పెంచకుండానే అన్నాడు. ఆర్కిటెక్టుగారు కొడుకుని తీసుకుని దిగి, వరండాలో ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. లాండ్రీ ఆవిడ కాస్త జరిగి చోటిచ్చింది. మర్నాటి నుంచి మా ఆయన ఇరవై సోఫాల మధ్య, ఏసీ కింద, చేపల్ని చూసుకుంటూ ఒక్కడే కూర్చున్నాడు. మమ్మల్ని కూడా రమ్మన్నాడు. మా అమ్మాయి వెళ్లింది. నేను మాత్రం మిషను దగ్గర పనుందన్నాను.

బడి వాళ్లతో మాట్లాడతానన్న మాట ఆయన మరిచిపోయాడు. నేను గుర్తుచేస్తే, మొదటి లెవెలు పిల్లకి పక్క టీచరేంటి, అడిగితే నవ్వుతారు అన్నాడు.

బళ్లు తెరవడానికి వారం ముందు ఒక ఉదయం పక్క టీచరు మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయి రంగు పెన్సిళ్ల పెట్టె ఆవిడ దగ్గర ఉండిపోయిందట, ఇచ్చిపోదామని వచ్చింది. తనని ఈ ఏడు ఆర్కిటెక్టుగారి అబ్బాయికి వేశారని చెప్పింది. ఆవిడ గొంతు విని మా అమ్మాయి లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. చేతులు పైకి లేచాయి, వేళ్లు కదిలాయి. గుమ్మంలో టక్కున ఆగింది. చుట్టూ చూసి, కుర్చీ దొరకబుచ్చుకుని, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆవిడ కనుబొమ్మల మధ్యకి చూసింది.

"ఏమో, మీరు వస్తారనుకోలేదు. అంటే, వచ్చినందుకు సంతోషంగా ఉంది. మీ ఇంట్లో అందరూ బాగున్నారా?" అంది.

మా ఆయన పేపరు దించి, చూశారా ఎంత మారిందో అన్నాడు. ఆవిడ ఆయన వంక చూడలేదు. పెన్సిళ్ల పెట్టె బల్ల మీద పెట్టి నా దగ్గరికొచ్చి, "పిల్లని ఏం చేశారండీ?" అంది మెల్లగా. టీ పెడతాను కూర్చోండి అన్నాను. ఆవిడ వెళ్లిపోయింది. తలుపు వేసి వచ్చేసరికి మా అమ్మాయి ఆ కుర్చీలోంచి కదల్లేదు. అంత ఎండలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఉంది. నాలుగైదు రోజులుగా అదే వేసుకుంటోందని అప్పుడు తట్టింది. దగ్గరికెళ్లి చొక్కా చెయ్యి పైకి జరిపాను. మోచేతి దాకా గాట్లు. రెండో చేతికీ ఉన్నాయి. కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నాయి.

మందు రాశాను. మర్నాడు పొద్దున్నే పిల్లని వెంటబెట్టుకుని మేడం గదికి వెళ్లాను.

ఆ తర్వాతివి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నా ఉద్యోగం పోయింది. మామగారు నాతో మాట్లాడటం మానేశారు. చేజేతులా కూతుర్ని కిందికి తోశావని మా ఆయన ఇప్పటికీ అంటాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన ముఖంలో కనిపించే బాధ నిజమైనదే, దాన్ని చూస్తే నాకు ఇంకా అసహ్యం. అమ్మాయికి రెండో లెవెలు రాశారు. పక్క టీచరొచ్చింది, పాత ఆవిడ కాదు, వేరే ఆవిడ. ఇవేవీ నన్ను పీక్కుతినేవి కావు. నన్ను పీక్కుతినేది ఆ ఉదయం ఆ గదిలో జరిగింది.

నేను జిరాక్సు సంగతి, ముందుగదిలో బడి సంగతి, వంటింట్లో ఎనిమిది రోజుల సంగతి ఏదీ దాచకుండా చెప్పాను. మేడం తిట్టలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"మిగతావాళ్ల సంగతి నాకు మూడో పిల్లాడప్పుడే అర్థమైంది. మీ అమ్మాయిని మాత్రం నమ్మాను. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నానండీ, మొత్తం నమ్మేశాను" అంది.

తోలు పెట్టె మూసి, బల్ల మీంచి తీసి కింద పెట్టింది. ఇది ఇక ఈ పిల్లకి పనికిరాదు, మామూలుగా మాట్లాడతాను, మీరు ఆ మూల కూర్చోండి, నోరు విప్పకండి అని చెప్పింది. మా అమ్మాయి ఆవిడ ఎదుట కూర్చుంది. చేతులు తొడల కిందికి వెళ్లిపోయాయి.

"పక్క టీచరు లేకుండా బడికెళ్లడం నీకెలా ఉంటుంది?" అని అడిగింది మేడం.

ఆ ప్రశ్న పెట్టెలోది కాదు. దానికి నేనేమీ నేర్పలేదు. మా అమ్మాయి మేడం కనుబొమ్మల మధ్య చూసింది. దాని పెదవులు కదలడం నాకు కనిపించింది, ఒకటి, రెండు. చూపు కిటికీ వైపు తిప్పి మళ్లీ తెచ్చింది.

"ఏమో, మొదట్లో కొంచెం కష్టంగా ఉండొచ్చు. అంటే, స్నేహితులున్నారు కదా. మీరు చిన్నప్పుడు బడికి ఎవరితో వెళ్లేవాళ్లు?" అంది.

మూడు బొమ్మల జవాబుల్లోంచి మూడు ముక్కలు తీసి అతికించింది. అతుకు ఎక్కడుందో నాకు తప్ప ఇంకెవరికీ కనిపించదు. ఆ పిల్లకి బడిలో ఒక్క స్నేహితురాలు కూడా లేదు. మేడం చేతిలో పెన్ను కాగితం మీద ఆగిపోయింది. ఆవిడ నా వంక చూసింది. నోరు విప్పొద్దన్నా ఆగలేక లేచి వెళ్లి దాని కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

"ఇది పరీక్ష కాదమ్మా. నేను చెప్పినవన్నీ వదిలెయ్. నీకు ఏమనిపిస్తోందో అది చెప్పు" అన్నాను.

అది నిజంగానే వెతికింది, ఆ గళ్ల పుస్తకంలో వెతుక్కున్నట్టే లోపలంతా వెతికింది. తర్వాత నా వైపు తిరిగింది. కళ్లలోకి కాదు, నా కనుబొమ్మల మధ్యకి చూసింది. తప్పు తనదే అయినట్టు గొంతు తగ్గించుకుని, "అది నువ్వింకా నేర్పలేదమ్మా" అంది.